పందులెవరివి

ఆ వసంతంలో మా షెడ్లలో పందులు పెరుగుతూనే ఉన్నాయి. పందులు పెరగడం మీదే మా బతుకు నడుస్తుంది కాబట్టి అందులో కష్టమేముందని ఎవరైనా అడగొచ్చు. పెరిగినవాటిని తీసుకెళ్ళే లారీ రావడం లేదు. అదీ కష్టం.

మాకు గంట ప్రయాణంలో ఉన్న మాంసం ఫ్యాక్టరీలో కరోనా పాకింది. భుజానికి భుజం తగిలేలా నిలబడి కోతపని చేసే మనుషులు వరసగా మంచం పట్టారు. ముందు ఒక షిఫ్టు ఆపారు. తరవాత గేట్లే మూసేశారు. అయోవాలో మా మూల ఉన్న పందులన్నీ వెళ్ళాల్సింది ఆ గేట్ల లోపలికే.

మా పందులు అనడం అలవాటైపోయింది గానీ, నిజానికి అవి మావి కావు. నా భర్త వెర్లిన్ వాళ్ళన్న గేలెన్‌వి. పంది పిల్లలు గేలెన్‌వి, దాణా గేలెన్‌ది, మందులు గేలెన్‌వి. షెడ్లు మావి, వాటి మీద బ్యాంకు అప్పు మాది, చాకిరీ మాది. షెడ్డులో పందులున్నన్నాళ్ళూ నెలనెలా మాకు కూలి ముడుతుంది. షెడ్డు ఖాళీగా ఉంటే ఏమీ లేదు. మా కౌంటీలో సగం మంది ఇలాగే బతుకుతున్నారు. కాకపోతే వాళ్ళకి పందులిచ్చేది బయటివాళ్ళు, మాకు ఇచ్చేది సొంతవాడు. అందుకని మేం కాస్త నిశ్చింతగా ఉండేవాళ్ళం.

ఏప్రిల్ ఆఖరుకి పందులు ఎంత లావయ్యాయంటే, తొట్టి దగ్గర రెండు తలలు పెట్టే చోట ఒక్కటే పట్టేది. పడుకోవాలంటే ఒకదాని మీద ఒకటి పడుకోవాలి. వెర్లిన్ షెడ్డులో వేడి పెంచాడు, ఉక్కపోతకి తిండి తగ్గిస్తాయని. దాణాలో పొట్టు ఎక్కువ కలిపాడు. పందుల్ని బలపరచడమే పనిగా పెట్టుకున్న మనిషి వాటి కడుపు మాడ్చడానికి నానా తంటాలూ పడుతుంటే చూడలేకపోయేదాన్ని.

నేను బడి వంటగదిలో పనిచేస్తాను. బడి మూసేశారు గానీ, పిల్లలకి మధ్యాహ్నం తిండి సంచుల్లో కట్టి, బడి ముందు ఆగే కార్లకి అందించే పని ఉండేది. ఒకరోజు ఇంటికొచ్చేసరికి వెర్లిన్ వంటింటి గడప మీద కూర్చుని గేలెన్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. చేతులకి పేడ. ఫోను స్పీకర్లో పెట్టి పక్కన నేల మీద ఉంచాడు.

"ఇంకో వారం చూద్దాం గేలెన్. ఫ్యాక్టరీ సగమైనా తెరుస్తామంటున్నారుగా."

"తెరిచినా మన వంతు ఎప్పుడొస్తుందిరా? మన ముందు ఎన్ని వేల పందులున్నాయో తెలుసా?" గేలెన్ గొంతు బొంగురుపోయి ఉంది. "ఇక్కడ ఆడపందులు ఈనుతూనే ఉన్నాయి. వాటికి ఆగమని చెప్పలేను కదా. పిల్లల్ని ఎక్కడ పెట్టను? నీ షెడ్లు ఖాళీ కావాలి."

"ఖాళీ అంటే?"

"అంటే ఏంటో నీకు తెలుసు," అన్నాడు గేలెన్. "మనుషుల్ని పంపిస్తున్నాను. వాళ్ళే చూసుకుంటారు. నువ్వు దగ్గరుండక్కర్లేదు."

"నువ్వొస్తావా?"

"వస్తాను. వస్తాన్లే."

వాళ్ళు గురువారం పొద్దున వచ్చారు. ముఖాలకి మాస్కులు, రెండు ట్రక్కులు, షెడ్డు వెనక పూడ్చే గొయ్యి తవ్వడానికి ఒక యంత్రం. మర్యాదస్తులే. అందులో ఒకతను నన్ను చూసి టోపీ తీసి, "సారీ అమ్మా" అన్నాడు. కానీ పందులకి వాళ్ళు కొత్తవాళ్ళు. తలుపు తీస్తే ఒక్కటీ కదల్లేదు. అరిచారు, అదిలించారు. పందులు మూలకి పోయి ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. అలా కాసేపు చూసి వెర్లిన్, పందుల్ని తోలడానికి వాడే ఎర్ర ప్లాస్టిక్ పలక గోడ మీంచి తీసుకున్నాడు.

"మీరు బయటుండండి. నేను తోలుకొస్తాను."

"అక్కర్లేదు వెర్లిన్," అన్నాన్నేను. "నిన్ను దగ్గరుండొద్దన్నాడుగా మీ అన్న."

"ఇలా అయితే ఒకదాన్నొకటి తొక్కి చంపుకుంటాయి ట్వైలా," అన్నాడు. అనేశాక తను అన్నదేమిటో తనకే తట్టినట్టు నా వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

పందులు అతని గొంతు గుర్తుపట్టాయి. తొడ మీద చేత్తో తట్టుకుంటూ, "పదండి పదండి, రండి తల్లీ" అని నడుస్తుంటే వెనకే బుద్ధిగా వచ్చాయి. షెడ్డు చివరి తలుపు దాకా వాటిని తీసుకెళ్ళి, అక్కడ ఆ మనుషులకి వదిలి పక్కకి తప్పుకునేవాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో గుంపుని పిలిచేవాడు. సాయంత్రం దాకా అదే పని. నేను కట్టి తెచ్చిన రొట్టెలు ఎవరూ ముట్టలేదు.

గేలెన్ రాలేదు. అంతా అయ్యాక ఫోన్ చేశాడు.

"అయిపోయిందా?"

"అయింది."

"ఇబ్బంది పెట్టాయా?"

"లేదు," అన్నాడు వెర్లిన్. "ఏ ఇబ్బందీ పెట్టలేదు."

మర్నాటి నుంచి వారంపాటు షెడ్లు కడిగాడు. గోడలు, తొట్లు, ఫ్యాన్ల రెక్కలు. ఎప్పుడూ కొత్త పిల్లలు వచ్చే ముందు అలాగే కడుగుతాడు. కానీ పిల్లలు రాలేదు. ధర పడిపోయింది, దాణాకి డబ్బు లేదు, పిల్లల్లో చాలావాటిని పుట్టగానే చంపేస్తున్నానని చెప్పాడు గేలెన్. ఫ్యాక్టరీ సరిగ్గా నడిచేదాకా ఓపిక పట్టమన్నాడు. కానీ గేలెన్ మాట విని మా బ్యాంకు ఓపిక పట్టదు. వాయిదా తేదీకి వాయిదా కట్టాలి.

జూన్‌లో రేడియోలో చెప్పారు, కరోనాతో నష్టపోయిన రైతులకి ప్రభుత్వం సాయం ఇస్తుందని. పాలకి ఇంత, గొడ్లకి ఇంత, పందులకి ఇంత. నేను గిన్నెలు తోముతున్నదాన్ని నీళ్ళు కట్టేసి మరీ విన్నాను. ఆ రోజే కౌంటీ వ్యవసాయ ఆఫీసుకి ఫోన్ చేశాను. లైను దొరకడానికి రెండ్రోజులు పట్టింది. అక్కడ పనిచేసే లవోన్ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది.

"లవోన్, నేను ట్వైలాని. ఆ పందుల సాయం గురించి."

"చెప్పు ట్వైలా. ఏం చెయ్యాలో చెప్తాను, పెన్ను తీసుకో. ముందు ఒక్క మాట. పందులెవరివి?"

"మా షెడ్లో ఉన్నవి."

"షెడ్డు సంగతి కాదు. పందులెవరివి?"

"గేలెన్‌వి."

అవతల నిట్టూర్పు. "అయితే సాయం గేలెన్‌కి వస్తుంది. అతను ఈపాటికే అర్జీ పెట్టుకున్నాడు."

"అతనికి రావద్దని నేనట్లేదు. మా సంగతి అడుగుతున్నాను. చచ్చింది మా షెడ్లో. తోలింది మా ఆయన. పూడ్చింది మా నేలలో. ఇప్పుడు షెడ్లు ఖాళీగా పడున్నాయి, మాకు పైసా రావట్లేదు. దానికేం లేదా?"

"ఖాళీ షెడ్డుకి ఇందులో చోటు లేదు ట్వైలా."

"పెట్టించు మరి."

"నేనా? నన్ను చూస్తే వాషింగ్టన్‌లో కూర్చున్నదానిలా ఉన్నానా? మా ఆఫీసు తలుపు తాళం తియ్యడానికే నాకు అధికారం లేదు! కిటికీ సందులోంచి కాగితాలు తీసుకుంటున్నాను. నిన్న ఒకాయనకి గొర్రెల లెక్క కుదరదని చెప్తే కిటికీ అద్దం మీద ఉమ్మేసి పోయాడు."

కోపంలో కూడా ఆగలేకపోయాను. "ఎవరు?"

"చెప్పను. చర్చిలో మీ ముందు వరసలోనే కూర్చుంటాడు." ఆమె గొంతు తగ్గించింది. "నాకు నచ్చి చెప్తున్నాననుకుంటున్నావా? మీలాంటివాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. కోళ్ళవాళ్ళు, పందులవాళ్ళు. అందరికీ ఇదే చెప్తున్నాను. తిట్లు తింటున్నాను. ఇంటికెళ్ళి మా ఆయన మీద అరుస్తున్నాను."

నేను మళ్ళీ చేశాను. ఆ తరవాత కూడా చేశాను. దేశ రాజధానిలో ఉన్న మా ప్రతినిధి ఆఫీసుకి చేస్తే, పాతికేళ్ళు కూడా లేని గొంతు ఒకటి "మీ ఆవేదన సార్ దృష్టికి తీసుకెళ్తాను మేడమ్" అంది. నా ఇంటిపేరు మూడు రకాలుగా పలికింది.

ఇంట్లో చెప్తే వెర్లిన్ తల కూడా ఎత్తలేదు. "పందులు వాడివి. రూలు అంతే."

"రూలు ఏంటో లవోన్ చెప్పింది. నువ్వేమంటావో చెప్పు."

"నేననేదేముంది? వాడూ నష్టపోయాడుగా."

అనేసి లేచాడు. బయటికెళ్ళి, ఒక్క పంది కూడా లేని షెడ్డులో ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో చూసి వచ్చాడు.

జులైలో సాయం చెక్కులు వచ్చాయి. కౌంటీలో ఎవరికెంత వచ్చిందన్నదే మాట. చర్చి ప్రార్థన అప్పట్లో ఆవరణలో కార్లలోనే కూర్చుని రేడియోలో వినేవాళ్ళం, ఆమెన్ అనడానికి బదులు హారన్ కొట్టేవాళ్ళం. ప్రార్థన అయ్యాక కార్ల అద్దాలు దింపుకుని మాట్లాడుకునేదంతా ఇదే. దాణా కొట్టుకి వెళ్తే హార్లన్ అనే ముసలాయన, ముప్పై ఏళ్ళ నుంచి ఆ కౌంటర్ దగ్గరే నిలబడి కాఫీ తాగుతున్న మనిషి, నన్ను చూసి గొంతెత్తాడు.

"రా ట్వైలా రా! ఖాళీ షెడ్లకి కూడా డబ్బులిస్తున్నారంటగా! పందుల్లేవు, కంపు లేదు, చెక్కు మాత్రం వచ్చేస్తుంది. నాక్కూడా ఒక ఖాళీ షెడ్డు ఇప్పించరాదూ?"

కొట్టులో నలుగురూ నవ్వారు.

"మాకు రాలేదు హార్లన్."

"అందరూ అదే అంటార్లే. అడిగితే ఎవరికీ రాలేదు. మరి అంత డబ్బూ ఎవరు తినేశారో, కరోనాయే తినేసిందో!"

"మాకు రాలేదంటుంటే నీక్కాదూ? పందులు గేలెన్‌వి. వచ్చింది గేలెన్‌కి."

"ఆహా. అన్నకొస్తే తమ్ముడికి రానట్టా?" అన్నాడు. అతను తమాషాకే అన్నాడు. కానీ కొట్టులో ఎవరూ ఈసారి నవ్వలేదు. అందరూ నా ముఖం వైపు చూశారు, తరవాత వాళ్ళ వాళ్ళ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు.

ఆ మాట పట్టుకుని నేను కొన్నది కూడా కారులో పెట్టుకోకుండా తిన్నగా గేలెన్ వాళ్ళింటికి వెళ్ళాను. అతను యంత్రాల షెడ్డులో మొక్కజొన్న కోసే మిషను కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నన్ను చూసి బయటికి పాక్కుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది.

"వెర్లిన్ పంపించాడా?" అన్నాడు.

"వెర్లిన్ పంపిస్తాడా? అతని సంగతి నీకు తెలీదా?"

చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేనెందుకు వచ్చానో అడగలేదు.

"ట్వైలా, నువ్వడగబోయేది నాకు తెలుసు. చెప్పేది విను. ఆ వచ్చింది నా నష్టంలో సగానికి కూడా రాదు. నేరుగా బ్యాంకుకి పోయింది. నా కళ్ళతో చూశానంతే."

"మాదీ బ్యాంకుకే పోతుంది. రావాలి కదా ముందు."

"నాకు పందులు పెంచేవాళ్ళు ఇంకా ఎనిమిది ఇళ్ళవాళ్ళున్నారు. మీకిస్తే వాళ్ళకీ ఇవ్వాలి. వాళ్ళూ ఇలాగే వచ్చి నిలబడతారు."

"వాళ్ళు కూడా మీ అమ్మ కడుపునే పుట్టారా?"

అతని ముఖం ఎర్రబడింది. "అలా మాట్లాడకు."

"వాళ్ళలో ఎంతమంది చేత తోలించావు? చెప్పు. ఎంతమంది చేత?"

"నేను దగ్గరుండొద్దని చెప్పాను వాడికి!"

"నువ్వొస్తానని కూడా చెప్పావు."

గేలెన్ చేతిలోని గుడ్డని మడతలు పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మిషను కిందకి దూరి పనిలో పడ్డాడు. ఆ ఇంటి గుమ్మం తొక్కడం అదే ఆఖరనుకుంటూ వచ్చేశాను. దారిలో ఎదురుగా వచ్చిన ట్రాక్టరు మనిషి చెయ్యి ఊపితే నేను ఊపలేదు. మా ప్రాంతంలో అది బూతు మాటతో సమానం.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం గేలెనే మా ఇంటికొచ్చాడు. మేం మొక్కజొన్న కంకులు ఉడకబెట్టుకుని తింటున్నాం. కుర్చీ లాగి కూర్చోమన్నాను. ఎంత కోపమున్నా ఇంటికొచ్చినవాడికి కాఫీ పొయ్యకుండా ఉండలేను. వానల గురించి మాట్లాడాడు. ఆ నెలలో గాలివాన వచ్చి తూర్పువైపు కౌంటీల్లో పంట మొత్తం పడుకోబెట్టేసింది, మనం అదృష్టవంతులం అన్నాడు. వెర్లిన్ కంకి తింటూ వింటున్నాడు. అప్పుడు గేలెన్ చొక్కా జేబులోంచి చెక్కు తీసి, వెన్న గిన్నె పక్కన పెట్టాడు.

"ఇది మీకు. ఎక్కువేం కాదు. మిగతావాళ్ళకి చెప్పకండి."

నేను చూశాను. రెండు వాయిదాలకి సరిపోతుంది. వేసవంతా ఫోన్లు చేసి, అరిచి, నవ్వులపాలై నేను అడిగింది అదే.

వెర్లిన్ నోరు తుడుచుకున్నాడు. చెక్కు వైపు చూడలేదు.

"ఇది వద్దు గేలెన్. ఇంకోటడుగుతాను."

"అడుగు."

"పిల్లలు మళ్ళీ వేస్తావు కదా, ఆకురాలే కాలానికి. ఆ బ్యాచ్‌లో ఒక షెడ్డు పందులు నా పేర పెట్టు. దాణా ఖర్చు లెక్క రాసుకో. అమ్మాక తీసేసుకో. నష్టమొస్తే నష్టం నాది. ఈసారి ఎవరైనా పందులెవరివని అడిగితే నావని చెప్తాను."

నేనతని వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ వేసవి మొత్తంలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. లవోన్ అడిగిన ప్రశ్న నేను ఇంట్లో చెప్పినప్పుడు అతను వినలేదనుకున్నాను.

గేలెన్ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "అది కుదరదురా."

"ఎందుకు?"

"పందులన్నీ బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్నాయి. పుట్టినవీ, పుట్టబోయేవీ. వాళ్ళు సంతకం పెట్టకుండా నేనొక్క తోక కూడా నీ పేర రాయలేను."

"అయితే లవోన్ అడిగినప్పుడు బ్యాంకువని చెప్పాల్సింది," అన్నాను నేను.

"అడిగి చూడు వాళ్ళని," అన్నాడు వెర్లిన్.

"ఇప్పుడా? ఈ పరిస్థితిలోనా? అడిగితే ఉన్న అప్పు కూడా తీర్చమంటారు." గేలెన్ అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, బల్ల మీదే పెట్టాడు. "ఇది తీసుకోరా. నేనివ్వగలిగింది ఇదే."

వెర్లిన్ చెక్కుని ఒక వేలితో వెనక్కి జరిపాడు. అది బల్ల మధ్యకి వచ్చింది. గేలెన్ దాన్ని తియ్యలేదు, జరపలేదు. ఆ చెక్కు మళ్ళీ అతని జేబులోకి వెళ్ళిపోయే లోపే నేను తీసుకుని ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.

"ట్వైలా," అన్నాడు వెర్లిన్.

"షెడ్ల అప్పు కాగితాల మీద నా సంతకం కూడా ఉంది."

మర్నాడు పొద్దునే వెళ్ళి కారు దిగకుండానే బ్యాంకు కిటికీలో ఇచ్చి వచ్చాను. ఇప్పటికీ అది తప్పనుకోను. వెర్లిన్ తప్పన్నాడని కూడా చెప్పను. ఆ వారమంతా ఉప్పు అందించమని అడగడానికి కూడా నోరు విప్పలేదు, లేచి తనే తీసుకునేవాడు.

సెప్టెంబరులో గేలెన్ ఫోన్ చేశాడు, పిల్లలు సిద్ధంగా ఉన్నాయి, వచ్చే వారం లారీ పంపిస్తానని. గొంతులో ఉత్సాహం. చెక్కు తీసుకున్నాం కాబట్టి అంతా సర్దుకుందనుకున్నాడు. నేను వెర్లిన్‌కి ఫోను ఇచ్చాను.

"వద్దు," అన్నాడు వెర్లిన్.

"ఏం వద్దు?"

"పిల్లలొద్దు. వేరేవాళ్ళకి వేసుకో."

"బుద్ధుందా నీకు? షెడ్లు ఖాళీగా పెట్టుకుని ఏం చేస్తావురా?"

"ఏదో ఒకటి చేస్తాను," అని ఫోను నాకిచ్చేశాడు. అవతల గేలెన్ ఇంకా మాట్లాడుతున్నాడు. నేను విన్నాను. వినేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆ రోజు మా వంటింట్లో నేను అరిచిన అరుపులకి కుక్క బల్ల కింద దూరింది. నీకు పౌరుషం కావాల్సొచ్చింది, వాయిదా కట్టాల్సింది మాత్రం ఇద్దరమూనా అన్నాను. మే నెలలో చూపించాల్సిన కోపం సెప్టెంబరులో చూపిస్తే ఎవరికి లాభం అన్నాను. ఆ డబ్బు వచ్చినప్పుడు నేను తీసుకోకపోతే మురుగుకాలవలో పారేసేవాడివి, ఇప్పుడు కూలి డబ్బులు కూడా పారేస్తున్నావు అన్నాను. అంతా విని, అతను టోపీ పెట్టుకున్నాడు.

"ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచి మనుషుల్ని తీసుకుంటున్నారు. పొద్దున వెళ్ళి మాట్లాడొచ్చాను. సోమవారం నుంచి రమ్మన్నారు."

ఏ ఫ్యాక్టరీ అని నేనడగలేదు. మా దగ్గర ఉన్నది అదొక్కటే.

యాభై నాలుగేళ్ళ మనిషిని కత్తి పనిలో పెట్టలేదు. లారీల్లోంచి పందుల్ని దింపి లోపలికి తోలే చోట పెట్టారు. మొదటి వారమే అక్కడి మేస్త్రీ తెగ మెచ్చుకున్నాడట, ఇతను పిలిస్తే పందులు గొడవ చెయ్యకుండా వస్తున్నాయని. ఆ సంగతి వెర్లిన్ నాకు చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. ఆ లారీల్లో కొన్ని గేలెన్ పందులే. మా ఇంటి ముందు రోడ్డు మీంచే వెళ్ళేవి. ఒకప్పుడు మా వాకిట్లోకి తిరిగే లారీలు.

వాయిదాలు కట్టగలుగుతున్నాం. అది ఒప్పుకోవాలి. కానీ ఆకురాలే కాలంలో ఇంటి వెనక రెండు పెద్ద షెడ్లు చీకటిగా నిలబడి ఉంటే, భోజనం చేస్తున్నప్పుడు కూడా వాటి వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

అక్టోబరులో మా అత్తగారు హెర్మీనా పుట్టినరోజు. ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఉంటుంది. మార్చి నుంచి లోపలికి ఎవర్నీ రానివ్వడం లేదు. కిటికీ బయట గడ్డిలో నిలబడి చూడాలి, ఫోన్లో మాట్లాడాలి. ఆవిడకి పందుల్ని చంపిన సంగతి ఎవరూ చెప్పలేదు. సాయం గొడవ చెప్పలేదు. వెర్లిన్ ఉద్యోగం అసలే చెప్పలేదు.

మేం వెళ్ళేసరికి గేలెన్ అప్పటికే ఉన్నాడు. కేకు తలుపు దగ్గర ఇచ్చి వచ్చి, కిటికీకి ఒక పక్కన నిలబడ్డాడు. వెర్లిన్ రెండో పక్కన నిలబడ్డాడు. ఆగస్టు తరవాత ఇద్దరూ ఎదురుపడటం అదే. గాలి చల్లగా కొడుతోంది. లోపల ఒక నర్సు అత్తగారి చెవి దగ్గర ఫోను పట్టుకుంది, బయట నేను నా ఫోను స్పీకర్లో పెట్టి పట్టుకున్నాను.

"ఏంట్రా, ఇద్దరూ చెరో చివర నిలబడ్డారు?" అంది ఆవిడ. "దగ్గరికి రండి. ఇటు చూస్తే వాడు కనబడడు, అటు చూస్తే వీడు కనబడడు."

"ఆరడుగుల దూరం ఉండాలంటమ్మా," అన్నాడు గేలెన్.

"అన్నదమ్ములు కూడానా?"

"అందరూనంట."

"ఎవడు పెట్టాడో ఈ రూలు!" అని విసుక్కుంది. నర్సు నవ్వింది. అత్తగారు అద్దానికి ముఖం ఆనించి వెర్లిన్‌ని పరీక్షగా చూసింది. "వీడేంటి ఇలా అయిపోయాడు? ట్వైలా, తిండి పెట్టట్లేదా వీడికి?"

"పెడుతున్నానత్తయ్యా. తినట్లేదు."

వెర్లిన్ గడియారం చూసుకున్నాడు. రెండో షిఫ్టు. "అమ్మా, నేను వెళ్ళాలి. టైమైంది."

"పుట్టినరోజు పూట కూడా ఏం టైమురా? ఎక్కడికి?"

వెర్లిన్‌కి అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడం అంతకంటే రాదు. నేనేదో ఒకటి అందామని ఫోను దగ్గరికి తీసుకున్నాను. ఈలోగా గేలెన్ అద్దం దగ్గరికి వచ్చాడు.

"పందులకి మేత వేళ అమ్మా. షెడ్ల నిండా ఉన్నాయి. వాడు కనబడకపోతే గోల పెడతాయి, నీకు తెలుసుగా."

"నీ పందులేగా. కాసేపు ఆగితే ఏం పోయింది?"

"నావి కాదమ్మా," అన్నాడు గేలెన్. "వాడివే."

"వాడివా!" ఆవిడ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. "ఎప్పట్నుంచి?"

"ఈ వేసవి నుంచి."

"నాకెవరూ చెప్పలేదేం! మీ నాన్న ఉండుంటే..." అని ఆగి, వెర్లిన్ వైపు చెయ్యి విదిలించింది. "వెళ్ళు, వెళ్ళు. వాటిని ఆకలితో ఉంచకు. నా మొహం చూసేదేముంది, రేపైనా ఉంటుంది."

వెర్లిన్ అన్న వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, నర్సు కూడా నవ్వడం ఆపింది. తరవాత తల్లికి చెయ్యి ఊపి, గడ్డి మీంచి నడుచుకుంటూ వెళ్ళి ట్రక్కు ఎక్కాడు. ట్రక్కు ఫ్యాక్టరీ వైపు తిరిగింది. ఇంటికి వెళ్ళే దారి రెండో వైపు. కిటికీలోంచి అంతదూరం ఆవిడకి కనబడదు.

నాకు ఫోను ఆపేసి గేలెన్ ముఖాన కొట్టాలనిపించింది. కానీ ఆవిడ అడుగుతూనే ఉంది. ఎన్ని వేశాడు, ఏ దాణా పెడుతున్నాడు, దగ్గులేమైనా ఉన్నాయా, ఎప్పటికి అమ్మకానికొస్తాయి. గేలెన్ జేబుల్లో చేతులు పెట్టుకుని, అద్దం వైపు కాకుండా గడ్డి వైపు చూస్తూ, ఒక్కోదానికీ జవాబు చెప్తున్నాడు. నేను ఫోను పట్టుకునే నిలబడ్డాను.